ముక్క పరీక్షకు పంపని పుండు

పంచె ముడి ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకుని ఒరుసుకుంటే నడుము మీద చర్మం ముందు నల్లబడుతుంది, తర్వాత గరుకుదేలుతుంది, కొందరిలో పుండు పడుతుంది. ఆ పుండు క్యాన్సర్‌గా మారిన రోగుల గురించి 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్. ఖానోల్కర్, సహ పరిశోధకురాలు సూర్యాబాయి ఒక వైద్య పత్రికలో రాశారు. దానికి ధోవతి క్యాన్సర్ అన్న పేరు స్థిరపడింది. లంగా బొందు బిగించే గీత వెంట వచ్చేదాన్ని తర్వాతి వైద్యులు చీర క్యాన్సర్ అన్నారు. ఇంకా వెనక్కి వెళితే, 1866లోనే కాశ్మీర్‌లో పనిచేసిన వైద్యుడు ఎల్మ్‌స్లీ కాంగ్రీ క్యాన్సర్ సంగతి రాశాడు. చలికాలంలో ఫెరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్రీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుని తిరిగేవాళ్లకు పొట్ట మీదా, తొడల లోపలి వైపూ వచ్చే జబ్బు అది.

ఈ మూడింటిలో దేనికీ ఎండతో సంబంధం లేదు. మూడూ ఈ దేశంలోనే, గోధుమ రంగు చర్మం మీదే పుట్టాయి. అయినా చర్మ క్యాన్సర్ అనగానే మన ఆరోగ్య పేజీలు ఆస్ట్రేలియా తీరాల గురించీ, సన్‌స్క్రీన్ల గురించీ రాస్తాయి. అది చదివిన పాఠకుడు ‘మనది నల్లచర్మం, మనకు రాదులే’ అని పేజీ తిప్పేస్తాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. భారతీయుల్లో చర్మ క్యాన్సర్లు తెల్లవారితో పోలిస్తే చాలా తక్కువ. మిగతా సగమే ప్రాణాల మీదికి తెస్తోంది. ఎందుకో తెలియాలంటే ఈ క్యాన్సర్లు చర్మంలో ఏ కణం నుంచి మొదలవుతాయో చూడాలి. ఆ కణాన్ని బట్టే జబ్బు నడక, దాన్ని బట్టే వైద్యం.

చర్మం పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అంత పలుచని పొరలోనే వరుసలు వరుసలుగా కణాలుంటాయి. అట్టడుగు వరుసలో ఉండేవి బేసల్ కణాలు. విభజన జరిగేది అక్కడే. పుట్టిన కణాల్లో కొన్ని అక్కడే ఉండిపోతాయి, కొన్ని పైకి బయలుదేరతాయి. పైకి పోయేకొద్దీ కణం విభజన మానేస్తుంది, కెరటిన్ అనే గట్టి మాంసకృత్తును నింపుకుంటుంది, చదునవుతుంది, న్యూక్లియస్ కోల్పోతుంది, చివరికి పొట్టుగా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. కాల్చిన కుండ మళ్లీ మట్టి కానట్టు, పైకి చేరి పరిణతి చెందిన కణం మళ్లీ పిల్లకణాన్ని కనలేదు.

క్యాన్సర్ ఏ కణంలో మొదలవుతుందో వెతికే శాస్త్రజ్ఞులకు ఈ ఏర్పాటే పెద్ద ఆధారం. జన్యువుల్లో ఒక దెబ్బ తగిలితే క్యాన్సర్ రాదు. ఏళ్ల మీద ఒకదానిపై ఒకటి పోగుపడాలి. నెలకో నెలన్నరకో రాలిపోయే కణంలో దెబ్బ తగిలినా అది పొట్టుతోపాటు పోతుంది. కాబట్టి అనుమానం దీర్ఘకాలం నిలిచి ఉండే కణాల మీదికే పోతుంది: అడుగు వరుసలోని మూలకణాల (స్టెమ్ సెల్స్) మీదికి, వెంట్రుకల కుదుళ్లలో దాగిన మూలకణాల మీదికి.

దెబ్బతిన్న ప్రతి కణమూ క్యాన్సర్ అవుతుందనీ కాదు. కేంబ్రిడ్జ్ దగ్గరి సాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2015లో నలుగురి కనురెప్పల నుంచి తీసిన మామూలు చర్మాన్ని 234 చిన్న ముక్కలు చేసి జన్యువులు చదివారు. చూపుకి అడ్డం పడుతున్న వదులు రెప్పలను సరిచేసే శస్త్రచికిత్సలో తీసేసిన చర్మం అది. దానిలో దాదాపు నాలుగో వంతు కణాల్లో క్యాన్సర్‌ను ప్రేరేపించే మార్పులు కనిపించాయి. ఆ మనుషులకు అక్కడ క్యాన్సర్ లేదు. కణాలు పైకెక్కి రాలిపోయే క్రమం చెక్కుచెదరనంత కాలం దెబ్బతిన్న కణాలు కూడా ఆ క్రమానికి లోబడే ఉంటాయన్నమాట. ఎండ చేసే నష్టం గురించి హెచ్చరించే వ్యాసాల్లో ఈ సంగతి చాలా అరుదుగా కనిపిస్తుంది. రోగుల భయం తగ్గించడానికైనా ఇది చెప్పాలి.

ప్రపంచంలో, ముఖ్యంగా తెల్లవారిలో, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బేసల్ సెల్ కార్సినోమా. సూక్ష్మదర్శిని కింద ముదురు ఊదారంగు కణాల దీవులు దీవులుగా ఉంటుంది. ప్రతి దీవి అంచునా కణాలు పక్కపక్కనే నిటారుగా బారు తీరి నిలబడతాయి. ఈ కణాలు చూడడానికి బేసల్ కణాల్లాగే ఉంటాయి, కెరటిన్ పని దాదాపు చేయవు. పరిణతి మెట్టు ఎక్కకుండా అడుగునే ఆగిపోయిన కణాలు ఇవి. మరో అవయవానికి పాకడం చాలా అరుదు. అలాగని వదిలేస్తే ముక్కునీ కనురెప్పనీ తినేస్తూ లోపలికి పోతుంది.

దీని మూలాన్ని వెతికిన దారి పండ్ల ఈగతో మొదలైంది. 1980లో క్రిస్టియానే న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగ పిల్లపురుగుల్లో శరీర నిర్మాణాన్ని నడిపే జన్యువుల జాబితా ప్రకటించారు. వాటిలో ఒకటి చెడితే పురుగు ఒంటినిండా ముళ్లు వచ్చాయి కనుక దానికి ముళ్లపంది పేరిట హెడ్జ్‌హాగ్ అని పేరు పెట్టారు. ఈ కృషికి 1995లో ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిపి వారికి నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, పుట్టుకతోనే డజన్ల కొద్దీ బేసల్ సెల్ క్యాన్సర్ల ముప్పు మోసే గోర్లిన్ సిండ్రోమ్ కుటుంబాల్లో లోపం ఎక్కడుందో తేలింది. హెడ్జ్‌హాగ్ సంకేతానికి కళ్లెం వేసే ప్యాచ్డ్ అనే జన్యువులోనే లోపం. కళ్లెం తెగితే సంకేతం ఆగదు, కణం విభజన ఆపదు.

ఏ కణంలో కళ్లెం తెగితే క్యాన్సర్ వస్తుందన్నది ఇంకా పెద్ద చర్చ. బ్రస్సెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పాన్ బృందం 2010లో ఎలుకల చర్మంలో ఒక్కో రకం కణంలో విడివిడిగా ఈ సంకేతాన్ని రగిలించి చూసింది. కణితులు ఎక్కువగా వెంట్రుకల మధ్య ఉండే చర్మం నుంచి, కుదురు పైభాగం నుంచి పుట్టాయి. అలా పుట్టిన కణాలు కొద్ది వారాల్లోనే గర్భస్థ దశలో వెంట్రుకల కుదుళ్లను తయారుచేసే కణాల పోకడ పట్టాయని అదే బృందం 2012లో చెప్పింది. మరోవైపు ప్యాచ్డ్ లోపమున్న ఎలుకలకు రేడియేషన్ ఇచ్చిన అమెరికా శాస్త్రజ్ఞులు 2011లో కణితులు కుదురు లోపలి మూలకణాల నుంచే వచ్చాయన్నారు. రెండు పక్షాల దగ్గరా గట్టి ఆధారాలే ఉన్నాయి. ఏ జన్యువుకి దెబ్బ తగిలింది, ఎలా తగిలింది అన్నదాన్ని బట్టి క్యాన్సర్ పుట్టే కణం మారుతుందనుకోవడమే సబబు. క్యాన్సర్ కణం ఏ రూపంలో ఉందో అదే దాని పుట్టుక అనుకోకూడదని మాత్రం ఈ చర్చతో తేలిపోయింది.

మందు వచ్చిన కథ ఇంకా ఆశ్చర్యం. 1950లలో అమెరికాలోని ఐడహో కొండల్లో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టసాగాయి. చూలు గొర్రెలు మేసిన ఒక అడవి మొక్కే కారణమని తేలింది. అందులోని విషపదార్థానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని అడ్డుకుంటుందని 1998లో బయటపడింది. అదే సంకేతాన్ని అడ్డుకునే విస్మోడెగిబ్ మాత్రకు 2012 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. మాత్ర వేసుకుంటే కణితి కరుగుతుంది, ఆపేస్తే కొందరిలో తిరిగొస్తుంది. మిగిలిపోయిన కొద్ది కణాలు తమ పోకడ మార్చుకుని వేరే రకం చర్మ మూలకణాల్లా మందు నుంచి తప్పించుకుంటున్నాయని 2018లో తెలిసింది.

మనవాళ్లలో ఈ క్యాన్సర్ తరచు రంగు పులుముకుని వస్తుంది. ముక్కు పక్కనో కంటి కిందో నల్లగా మెరిసే చిన్న బుడిపె. పుట్టుమచ్చ అనుకుంటారు. యాభై దాటాక కొత్తగా పుట్టుమచ్చ వచ్చి, గిల్లితే రక్తం కారి, పెచ్చు కట్టి మళ్లీ రేగుతుంటే అది పుట్టుమచ్చ కాదేమోనని అనుమానించాలి.

రెండోది స్క్వామస్ సెల్ కార్సినోమా. ధోవతి, కాంగ్రీ క్యాన్సర్లు ఈ జాతివే. ఇదీ కెరటిన్ చేసే కణాల నుంచే వస్తుంది. అయితే ఇక్కడ కణాలు పరిణతికి ప్రయత్నిస్తాయి, దారి తప్పి ప్రయత్నిస్తాయి. గులాబీ, ఊదా రంగులద్దిన గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెడితే, పైకెక్కి రాలాల్సిన కణాలు చర్మం లోతుల్లోకి దిగబడి, అక్కడే గుండ్రంగా చుట్టలు చుట్టుకుని, నడుమ గులాబీ రంగు కెరటిన్ పోగేసుకుని కనిపిస్తాయి. పాథాలజిస్టులు వీటిని కెరటిన్ ముత్యాలంటారు. ముత్యాలు ఎంత ఎక్కువుంటే కణాలు తమ పాత వృత్తిని అంత గుర్తుంచుకున్నట్టు. రిపోర్టులో ‘వెల్ డిఫరెన్షియేటెడ్’ అని రాసేది ఇలాంటప్పుడే. ‘పూర్లీ డిఫరెన్షియేటెడ్’ అని ఉంటే కణం తన పుట్టుపూర్వాలు మరిచిపోయినట్టు. అలాంటి కణితి గజ్జల్లోకో మెడలోకో, లింఫ్ గ్రంథులకు పాకే ముప్పు ఎక్కువ.

1971లో కొలరాడో విశ్వవిద్యాలయంలో బ్యారీ పియర్స్, కార్ల్ వాలెస్ చేసిన ప్రయోగాన్ని క్యాన్సర్ గురించి రాసేవాళ్లంతా తెలుసుకోవాలి. ఎలుకల్లోని స్క్వామస్ కణితులకు రేడియోధార్మిక గుర్తు ఎక్కించారు. ముందు ఆ గుర్తు విభజన చెందుతున్న కణాల్లోనే కనిపించింది. కొన్నాళ్లకు అదే గుర్తు ముత్యాల్లోని కణాల్లోకి చేరింది. ఆ ముత్యాలను తీసి వేరే ఎలుకల్లో నాటితే కణితులు రాలేదు. క్యాన్సర్ కణాల సంతానంలో కొన్ని వాటంతట అవే పరిణతి చెంది అపాయం లేనివిగా మారుతున్నాయన్నమాట. క్యాన్సర్ కణాన్ని చంపడమొక్కటే మార్గం కాదనీ, దాన్ని పరిణతి వైపు నడిపించవచ్చనీ ఆశ కలిగించిన తొలి ప్రయోగాల్లో అదొకటి. తర్వాత ఒక రకం రక్త క్యాన్సర్‌లో విటమిన్-ఎ సంబంధిత మందుతో అది నిజమైంది. చర్మంలో ఆ స్థాయి విజయం ఇంకా రాలేదు.

స్క్వామస్ క్యాన్సర్ తెచ్చిపెట్టే కారణాల్లో ఎండ ఒకటి. అతినీల లోహిత కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు ‘సి’ అక్షరాలను రెండు ‘టి’లుగా మార్చే ప్రత్యేకమైన గుర్తు వదులుతాయి. ఆ గుర్తును క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 జన్యువులో 1991లో డగ్లస్ బ్రాష్ బృందం పట్టుకుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అడ్డుకునేది ఈ దెబ్బనే. చర్మకణాలు మెలనిన్ రేణువులను తమ న్యూక్లియస్‌కి పైవైపున, ఎండ తగిలే దిక్కున పేర్చుకుంటాయి. కాలిన మచ్చకీ, ఒరిపిడికీ, నిప్పు సెగకీ, ఏళ్ల తరబడి మానని పుండుకీ ఆ రేణువులు ఏం అడ్డుపడతాయి? కాలిన మచ్చలో పుట్టే క్యాన్సర్‌కు, 1828లో అలాంటి పుండ్లను వర్ణించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలిన్ పేరు పెట్టారు. చిన్నప్పుడు వంటింట్లో ఒళ్లు కాలిన మనిషికి ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆ మచ్చలోనే పుండు లేవొచ్చు. కుష్ఠు నయమైనా స్పర్శ లేని పాదంలో మిగిలిన పుండులోనూ, ఎముకకు చీము పట్టి రసి కారే పాత గాయంలోనూ ఇదే జరుగుతుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వైద్యలోకమంతటికీ తెలుసు. కోస్తాంధ్రలో దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి డి. గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లో రాశారు. అంగిలి చర్మం కాదు. కానీ దాని పైపొర కూడా కెరటిన్ చేసే కణాలదే, అక్కడ వచ్చేది కూడా స్క్వామస్ క్యాన్సరే. వేడి, పొగ కలిసి ఏళ్ల తరబడి ఆ కణాలను బాధిస్తే ఏమవుతుందో తెలుగు నేల ప్రపంచానికి చూపించింది. ఆ గుణపాఠాన్ని మనమే చర్మానికి అన్వయించుకోలేదు.

ఎండ ప్రాణాంతకమయ్యే పిల్లలు మన మధ్య ఉన్నారు. జీరోడెర్మా పిగ్మెంటోజం ఉన్నవారిలో ఎండ వల్ల తగిలిన డీఎన్ఏ దెబ్బను సరిచేసే యంత్రాంగమే పుట్టుకతో లోపిస్తుంది. ఆ సంగతి 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. వారికి ఇరవై ఏళ్లలోపే చర్మ క్యాన్సర్లు వచ్చే ముప్పు ఇతరులకన్నా దాదాపు పది వేల రెట్లు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో లోపజన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కనుక మేనరికాలున్న కుటుంబాల్లో ఎక్కువ. ముఖం నిండా చుక్కలు పడి, వెలుగు చూడలేక కళ్లు మూసుకునే ఇలాంటి పిల్లలకూ, పుట్టుకతో మెలనిన్ లేనివారికీ సన్‌స్క్రీన్ మందే. మార్కెట్‌లో దాన్ని అందం పెంచే సామానుగా అమ్ముతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీరికి నెలనెలా ఉచితంగా ఇవ్వాలి. సంఖ్య తక్కువ, ఖర్చూ తక్కువే.

మూడోది మెలనోమా. ఇది అసలు చర్మం సొంత కణాలది కాదు. పిండం ఎదిగే తొలి వారాల్లో వెన్నుపాము తయారయ్యేచోటు నుంచి ‘న్యూరల్ క్రెస్ట్’ కణాలు ఒళ్లంతా ప్రయాణమవుతాయి. కొన్ని నరాలవుతాయి, కొన్ని ముఖం ఎముకలవుతాయి, కొన్ని చర్మంలో స్థిరపడి మెలనిన్ తయారుచేసే మెలనోసైట్లవుతాయి. తెల్లవారిలోనైనా నల్లవారిలోనైనా ఈ మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. తేడా వాటి పనితనంలో ఉంది. పుట్టుమచ్చ అంటే మెలనోసైట్లు గుంపుగా పెరిగి ఆగిపోవడం. మెలనోమాల్లో సగం దాకా కనిపించే బీరాఫ్ జన్యు మార్పును 2002లో కనిపెట్టారు. అదే మార్పు మామూలు పుట్టుమచ్చల్లోనూ ఉందని మరుసటి ఏడాదే తేలింది. మార్పు ఒకటే అయినా ఒకచోట కణం ఆగింది, ఇంకోచోట ఆగలేదు.

ఎందుకన్నదానికి 2016లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోని లియోనార్డ్ జాన్ ప్రయోగశాల నుంచి ఒక జవాబు వచ్చింది. చార్లెస్ కాఫ్‌మన్, సహచరులు జీబ్రా చేపల్లో న్యూరల్ క్రెస్ట్ కాలపు జన్యువు మళ్లీ పనిచేస్తే కణం ఆకుపచ్చగా వెలిగేలా ఏర్పాటు చేశారు. క్యాన్సర్ మార్పులు ఒళ్లంతా ఉన్న చేపలో ఒకే ఒక్క కణం వెలిగింది, అక్కడే మెలనోమా పెరిగింది. మెలనోసైటుగా పరిణతి చెందిన కణం తన పిండదశకు మళ్లినప్పుడే క్యాన్సర్ మొదలైంది. ఒళ్లంతా తిరగడం ఆ పూర్వీకుల స్వభావం. మెలనోమా అంత తొందరగా ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకడం ఎందుకో దీంతో కొంత అర్థమవుతుంది. మందం ఒక మిల్లీమీటరు లోపు ఉండగా కోసి తీసేస్తే చాలామంది బతుకుతారు. నాలుగు మిల్లీమీటర్లు దాటాక ముప్పు బాగా పెరుగుతుంది.

మనవాళ్లకు వచ్చే మెలనోమా ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద దొరికింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. వేలు తీసేయమన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. 1981 మే 11న 36 ఏళ్ల వయసులో చనిపోయాడు. అరికాలి మెలనోమాలో ఎండ పాత్ర చాలా స్వల్పం. శరీరంలో కణం ఉన్న స్థానమే దాని పోకడను నిర్ణయిస్తోందని 2022లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు చూపించారు. వట్టికాళ్లతో పొలం పనికి పోయే మనిషి అరికాల్లో నల్లమచ్చ వస్తే ఆనెకాయ అంటారు. కోసుకుంటారు, పసరు పోస్తారు. గోరు నల్లబడితే గోరుచుట్టు అంటారు. గోరులో నల్లగీత వెడల్పవుతూ, గోరు మొదట్లోని చర్మం మీదకి కూడా ఆ నలుపు పాకితే వెంటనే చర్మవైద్యుణ్ణి కలవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు జరుగుతున్న అతి పెద్ద పొరపాటు చిన్న క్లినిక్కుల్లో జరుగుతోంది. పులిపిరి అనో, కొవ్వుగడ్డ అనో, కురుపు అనో మత్తిచ్చి కోసి తీస్తారు. కుట్లు వేస్తారు. తీసిన ముక్కను బకెట్లో పడేస్తారు. ఆరు నెలలకు అక్కడే మళ్లీ లేస్తే ఇంకోసారి కోస్తారు. ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కు పంపితే కొద్ది రోజుల్లో తెలిసిపోయే సంగతి రెండేళ్ల తర్వాత, గజ్జల్లో గడ్డ లేచాక తెలుస్తుంది. అప్పటికి మొదటి ముక్క లేదు, ఏ కణంతో మొదలైందో చెప్పే రుజువు లేదు. చర్మం నుంచి కోసి తీసిన ఏ ముక్కనైనా పాథాలజీకి పంపడాన్ని నియమం చేయాలి.

‘కత్తి పెడితే పాకుతుంది’ అన్న భయం పల్లెల్లోనే కాదు, చదువుకున్నవాళ్లలోనూ ఉంది. పరీక్ష కోసం చర్మం ముక్క తీసినందువల్ల చర్మ క్యాన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదు. పాకేది ఆలస్యం వల్ల. తొలిదశలో ఈ క్యాన్సర్లు చాలావరకు కోత ఒక్కదానితోనే నయమవుతాయి. ఆ తర్వాత వాడే మందులు ఎంత ఖరీదైనవో ఏ క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో కూర్చున్న కుటుంబాన్ని అడిగినా చెబుతారు.

ప్రభుత్వం చేయగలిగింది ఇంకొకటుంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి ఇప్పటికే అడుగుతున్నారు. ఆ ప్రశ్నల్లో చర్మ క్యాన్సర్ గురించి ఒక్కటి చేర్చడానికి కొత్త శాఖ అక్కర్లేదు: నెలకు పైగా మానని పుండు, కాలిన మచ్చలో లేచిన గడ్డ, అరికాల్లోనో గోరులోనో కొత్తగా వచ్చిన నలుపు ఉన్నాయా? షుగరు రోగుల పాదాలు చూసే వైద్యులు, కుష్ఠు పుండ్లకు కట్టు కట్టే సిబ్బంది రోజూ పాదాలను చూస్తూనే ఉన్నారు. వాళ్లకు ఈ మూడు గుర్తులు నేర్పితే చాలు.

పాఠకులు కూడా ఒక పని చేయాలి. ఇంట్లో ఎవరికైనా చర్మం మీద గడ్డ కోసి తీస్తే ముక్కను ఏ ల్యాబ్‌కు పంపారో డాక్టరును అడగండి. రిపోర్టు వచ్చాక అందులో ఏ కణం పేరు రాశారో, ఏ మేరకు డిఫరెన్షియేటెడ్ అన్నారో, అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని రాశారో లేదో చదివించుకోండి. గాజు పలకలు, ముక్కను నిల్వ చేసిన మైనపు దిమ్మెలు ఇస్తారేమో అడగండి. ఇస్తే రిపోర్టుతో పాటు భద్రపరచండి.